పటంలో ఊరుంది, వాడ లేదు: పాలమూరు ప్రమాద పటాల మీద విమర్శ

2020 అక్టోబర్‌లో వనపర్తి జిల్లా గోపాల్‌పేట మండలం బుద్దారంలో ఇల్లు కూలి ఒకే కుటుంబంలో అయిదుగురు చనిపోయారు. ఏడాది తిరిగేసరికి, 2021 అక్టోబర్‌లో, గద్వాల జిల్లా అయిజ మండలం కొత్తపల్లిలో గోడ కూలి భార్యాభర్తలు, ముగ్గురు పిల్లలు చనిపోయారు. 2024 జులై మొదట్లో నాగర్‌కర్నూల్ మండలం వనపట్లలో మట్టిమిద్దె కూలి తల్లీ ముగ్గురు పిల్లలూ పోయారు. మూడు జిల్లాలు, మూడు ఇళ్ళు, పద్నాలుగు ప్రాణాలు. మూడుచోట్లా కారణం వాన నీళ్ళు తాగిన పాత ఇల్లు.

ఇప్పుడు ఈ మూడు ఊళ్ళను ప్రకృతి వైపరీత్యాల పటాల్లో వెతుకుదాం. 2002 నాటి భూకంప కోడ్ పటం ప్రకారం ఇదంతా రెండో జోన్, అంటే అన్నిటికంటే తక్కువ ప్రమాదం ఉన్న నేల. తుఫాను పటం చూస్తే సముద్రం వందల కిలోమీటర్ల దూరం. ఆ ఇళ్ళను కూల్చింది ఏరు కాదు కాబట్టి ముంపు పటానికి వాటి సంగతి పట్టదు. పద్నాలుగు మంది చనిపోయిన చోటు ప్రమాదం లేని చోటుగానే మిగిలిపోయింది.

సాహిత్య విమర్శలో నవలను చదివినట్టే పటాన్నీ చదవొచ్చు. ఎవరు గీశారు, ఎంత ఎత్తు నుంచి చూశారు, ఎవర్ని పాత్రగా నిలబెట్టారు, ఎవర్ని నేపథ్యంలో కలిపేశారు అని అడగొచ్చు. పాలమూరు ప్రమాద పటాలను అట్లా చదివితే ఒక విషయం మళ్ళీమళ్ళీ ఎదురౌతుంది. పటం ప్రమాదాన్ని నేలకు అంటగడుతుంది. ఆ నేల మీదికి ఎవర్ని ఎవరు నెట్టారు, ఎవరి గోడ మట్టిది, ఎవరి గోడ సిమెంటుది అని అడిగే చోటికి వచ్చేసరికి పటానికి స్కేలు చాలదు. ఎప్పుడూ అక్కడే ఎందుకు చాలదన్నది ఈ వ్యాసం ప్రశ్న.

మన దేశంలో ఇట్లాంటి పటాల పెద్ద గ్రంథం ‘వల్నరబిలిటీ అట్లాస్ ఆఫ్ ఇండియా’. 1993లో లాతూరు భూకంపం వచ్చిన తర్వాత, 1994లో కేంద్ర ప్రభుత్వం ఒక నిపుణుల బృందాన్ని వేసింది. ఆ పని ఫలితంగా బి.ఎం.టి.పి.సి. అనే కేంద్ర సంస్థ 1997లో ఈ అట్లాసును తెచ్చింది. 2006లో రెండో కూర్పు, 2019లో మూడో కూర్పు వచ్చాయి. దీన్ని తీసిపారెయ్యటానికి లేదు. ఎందుకంటే పటాల పక్కనే అది పట్టికలు కూడా ఇచ్చింది. జనగణనలో ఇంటి గోడ దేనిది, పైకప్పు దేనిది అని అడుగుతారు గదా, ఆ లెక్కలను జిల్లాలవారీగా పేర్చి, మట్టిగోడకు ఎంత ప్రమాదం, రాతిగోడకు ఎంత, కాల్చిన ఇటుక గోడకు ఎంత అని గడులు గీసింది. మట్టిగోడ, పచ్చి ఇటుక గోడ అన్నిటికంటే బలహీనమైన తరగతిలో ఉంటాయి. అంటే నిజం ఆ గ్రంథంలో ఉంది. రంగుల పటంలో లేదు, పట్టికలో ఉంది. అయితే కలెక్టరాఫీసు గోడకు తగిలించేది పటాన్నే. పట్టిక బీరువాలో ఉంటుంది.

ఆ పట్టికకూ రెండు లోపాలున్నాయి. మొదటిది, గోడకు ఎదురుగా భూకంపం, గాలి, వరద అనే గడులున్నాయి గానీ ముసురుకు గడి లేదు. నాలుగు రోజులు సన్నగా పడే వానను వైపరీత్యం అని ఎవరూ అనుకోరు. రెండోది జిల్లా అనే కొలత. 2011 జనగణన నాటికి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలే లేవు. అవి 2016 అక్టోబర్ 11న ఏర్పడ్డాయి. అంతకుముందు అంతా మహబూబ్‌నగరే. కృష్ణా తుంగభద్రల మధ్య నడిగడ్డ, నల్లమల అడవిలో అమ్రాబాద్, నీళ్ళు లేని కల్వకుర్తి మెట్ట, అన్నీ కలిపి ఒకటే వరుస, ఒకటే శాతం. ఆ సగటులో నడిగడ్డ వాడలోని గోడ ఎట్లా కనపడాలె?

మట్టిమిద్దె అంటే ఏందో పట్నం పాఠకులకు కొంచెం చెప్పాలె. రాయీ మట్టీ కలిపి మందంగా గోడ లేపుతారు. పైన దూలాలు, వాటి మీద వాసాలు, వాసాల మీద కంప, దాని మీద మట్టి. కురవకుండా వానలకు ముందు పైన చౌడు పోస్తారు. పోసిందాన్ని మళ్ళా తీసేది లేదు. ముప్పై నలభై ఏళ్ళల్లో మిద్దె మందం పెరుగుతూ పోతుంది, కింద దూలాన్ని చెద తింటూ ఉంటుంది. ముసురు పట్టినప్పుడు మిద్దె మీది మట్టి నీళ్ళు తాగి బరువెక్కుతుంది. గోడ మొదలు చెమ్మ గుంజి మెత్తబడుతుంది. పైన బరువు పెరగటం, కింద బలం తగ్గటం రెండూ ఒకేసారి జరుగుతాయి. అందుకే వాన వెలిసి ఎండ కొట్టినాక కూడా గోడ పడుతుంది. ముసురు రాత్రుల్లో మా అమ్మ గోడకు అరచెయ్యి ఆనించి, ‘చెమ్మ నడుముకెక్కింది, ఇయ్యాల లోపల పండొద్దు’ అనేది. ఇదీ ఒక కొలతే. కాగితం మీదికి ఎక్కలేదు, అంతే.

కూలిన ఆ మూడిళ్ళు ఏ కులంవాళ్ళవి అన్న దాని మీద ఇక్కడ వాదన పెట్టటం లేదు. మట్టిగోడ కింద బీసీ బిడ్డలూ చచ్చిపోతారు. అయితే ఇరవై ఒకటో శతాబ్దంలో మట్టిగోడ ఎవరికి మిగిలింది అని అడిగితే జవాబు ఊరి నడిమిట్ల దొరకదు. పట్టా లేని జాగలో పక్కా ఇల్లు కట్టుకోవటానికి లోను పుట్టదు. సర్కారు ఎస్సీ కాలనీకని ఇచ్చిన జాగ చాలా ఊళ్ళల్లో కుంట శిఖం పక్కనో, వాగు ఒడ్డునో, సాగుకు పనికిరాని చౌడు నేలలోనో ఉంటుంది. అంటరానితనం నేల వాలును కూడా పంచిపెట్టింది. మెరక ఊరికి, పల్లం వాడకు. ఈ పంపకాన్ని ‘భౌగోళిక పరిస్థితి’ అనటం ఎంతవరకు నిజం?

ఇక స్కేలు సంగతి. సర్వే ఆఫ్ ఇండియా వారి మామూలు టోపోషీటు స్కేలు 50 వేలకు ఒకటి. దాని మీద ఒక సెంటీమీటరు అంటే నేల మీద అర కిలోమీటరు. ఎత్తును చూపే కాంటూరు గీతలు సాధారణంగా 20 మీటర్లకు ఒకటి. ఊరికీ వాడకూ మధ్య దూరం వంద మీటర్లనుకుంటే షీటు మీద రెండు మిల్లీమీటర్లు. ఎత్తులో తేడా ఒక మనిషి నిలువంత అనుకుంటే, రెండు కాంటూరు గీతల మధ్య అది మాయమైపోతుంది. వరదలో బతకటానికీ మునగటానికీ మధ్య ఉన్న ఆ నిలువెత్తు తేడా పటానికి అక్కరలేని వివరం. కొన్ని షీట్ల మీద ‘హరిజనవాడ’ అని అక్కడక్కడ పేరు కనిపిస్తుంది. పేరు రాసినవాళ్ళు దాని ఎత్తు రాయలేదు.

2009 వరదలో ఇదంతా బయటపడింది. సెప్టెంబర్ చివర, అక్టోబర్ మొదటివారంలో కృష్ణ, తుంగభద్ర రెండూ ఒకేసారి పొంగాయి. 20 లక్షల క్యూసెక్కులకు లోపు లెక్కతో కట్టిన శ్రీశైలానికి 25 లక్షలకు పైన వచ్చిపడింది. సుంకేసుల మీదుగా తుంగభద్ర పొర్లింది. కర్నూలు మునిగింది, అలంపురం మునిగింది, సుంకేసులకు ఎదురొడ్డున ఉన్న రాజోలి కొట్టుకుపోయినంత పనైంది. రాజోలి చేనేత ఊరు. గుంత మగ్గంలోకి నీళ్ళొస్తే ఇల్లూ పోతుంది, పనీ పోతుంది. అక్కడ వరద బాధితుల ఇళ్ళ గోడు ఏళ్ళ తరబడి పత్రికలకు ఎక్కుతూనే ఉండింది.

అప్పుడు హైదరాబాద్‌లోని ఎన్.ఆర్.ఎస్.సి. ఉపగ్రహ చిత్రాల నుంచి ముంపు పటాలు తయారుచేసింది. మబ్బు కమ్మిన రోజుల్లో మామూలు కెమెరాకు నేల కనపడదు కాబట్టి ఇట్లాంటి పనికి రాడార్ చిత్రాలు వాడతారు. రాడార్ ఎట్లా చూస్తుందో తెలుసుకోవటం అవసరం. పైనుంచి ఏటవాలుగా తరంగాన్ని పంపుతుంది. నున్నటి నీటి మీద పడిన తరంగం అద్దం మీద పడ్డట్టు అటు జారిపోతుంది, వెనక్కి రాదు. కాబట్టి నీళ్ళు నల్లగా కనిపిస్తాయి. అదే నీళ్ళు ఇళ్ళ మధ్య నిలిస్తే, తరంగం నీటిని తాకి, పక్కనున్న గోడను తాకి, తిరిగి రాడార్ దగ్గరికే వస్తుంది. అక్కడ చిత్రం తెల్లగా వెలుగుతుంది. దాంతో మునిగిన పొలం మునిగినట్టు, మునిగిన ఇళ్ళు పొడిగా ఉన్నట్టు కనపడే ప్రమాదం ఉంది. ఇది రిమోట్ సెన్సింగ్ చదువుకున్న ప్రతివారికీ తెలిసిన పరిమితే. కానీ పటం పత్రికలోకి, ఆఫీసులోకి చేరేసరికి పరిమితి ఊడిపోయి నీలిరంగు ఒక్కటే మిగులుతుంది. నీలిరంగు పడింది పొలం మీద. పొలం ఎవరిది? పంట నష్టం పొలం ఉన్నోనికి. పొలం లేక, ఇల్లు మునిగిన కూలికి ఆ నీలిరంగులో చోటెక్కడ?

నడిగడ్డలో నీటి పటానికి ఇంకా పాత కథ ఉంది. శ్రీశైలం జలాశయం నిండుతుందని తేలినప్పుడు, కృష్ణా తుంగభద్రలు కలిసే చోట మునిగిపోయే కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి, అలంపురానికి తెచ్చి, మళ్ళీ నిలబెట్టారు. మంచి పనే. ఆ గుడి ఇప్పటికీ చూడదగ్గది. అదే జలాశయం కింద మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో వందకు పైగా ఊళ్ళు మునిగాయి. 1981లో మనుషుల్ని బలవంతంగా ఖాళీ చేయించారు. నిర్వాసితులకు ఉద్యోగాలిస్తామన్న 98 నంబరు జీవో 1986లో వచ్చింది. ఆ జీవో పట్టుకుని కొల్లాపూర్ వైపు పిల్లలు తలనెరిసేదాకా తిరిగారు. రాయిని ఎక్కడ పేర్చాలో తెలిసిన ప్రభుత్వానికి మునిగిన ఊళ్ళో వాడ ఎటువైపుండేది, కొత్త జాగలో ఎటువైపుండాలె అని ఆలోచించే అవసరం రాలేదు.

కరువు పటాల దగ్గరికొస్తే విషయం త్వరగా తేలుతుంది. ఉపగ్రహం పచ్చదనాన్ని కొలుస్తుంది. దాన్నే ఎన్.డి.వి.ఐ. అంటారు. కరువులో పాలమూరులో పచ్చగా ఉండేవి రెండే. ఒకటి బోరు ఉన్నోని వరి, రెండోది సర్కారు తుమ్మ. పంట భూములను వేరుచేసి చూస్తామని శాస్త్రజ్ఞులు అంటారు, చూస్తారు కూడా. కానీ అసైన్డు భూమిలో ఎకరం అరెకరం ఆముదమో కందో ఎండిపోతే, పక్కన బోరు కింది పచ్చదనం దాన్ని మింగేస్తుంది. ప్రభుత్వం కరువును మండలం లెక్కన ప్రకటిస్తుంది. మండలానికి వాన పడితే అందరికీ పడినట్టే. ఇంకో సంగతి, కరువొస్తే ఇక్కడి మనుషులు ఇక్కడ ఉండరు. నాగార్జునసాగర్ కాలం నుంచీ ‘పాలమూరు లేబర్’ ఊరూరా ఆనకట్టలు కట్టింది. ఆ మనుషులకు ప్రమాదం ఇంకో జిల్లాలో, ఇంకో రాష్ట్రంలో, మట్టి తవ్వే చోట ఎదురవుతుంది. ఏ పటమూ దాన్ని పాలమూరు ఖాతాలో రాయదు. ఇప్పుడు కథ తిరగబడింది కూడా. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర ఎస్.ఎల్.బి.సి. సొరంగం పైకప్పు కూలి లోపల ఎనిమిది మంది చిక్కుకున్నారు. వాళ్ళు జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూ కాశ్మీర్ నుంచి వచ్చినవాళ్ళు. పైన పులుల అభయారణ్యం, కింద బలహీనమైన రాయి. పరాయి జిల్లాల్లో మనోళ్ళు ఎట్లా లెక్కకు రాలేదో, మన జిల్లాలో వాళ్ళూ అట్లాగే ఉన్నారు.

ఇంతకీ వాడకు తెలివి లేదా? తన ప్రమాదం తనకు తెలియదా? ఈ మాట అడగాల్సింది నీరటిని. తెలంగాణ ఊళ్ళల్లో చెరువు తూము ఎత్తేది, దించేది, ఏ పొలానికి ఎన్ని నీళ్ళో పారించేది నీరటి. చాలా ఊళ్ళల్లో అతను మాలో మాదిగో. వానాకాలం రాత్రి కట్ట మీద కాపలా అతనిదే. కట్టకు ఎక్కడ ఎలుకలు బొక్కలు పెట్టాయి, ఎక్కడ బుంగ పడబోతోంది, అలుగు ఎంత ఎత్తు దూకితే వాడలోకి నీళ్ళొస్తాయి, ఇదంతా అతని కాళ్ళకు తెలుసు. అది తరతరాలుగా చేతులు మారిన ప్రమాద పటం. దానికి బదులుగా ఊరు అతనికిచ్చింది చిన్న ఈనాం చెలక, కళ్ళం దగ్గర మేర. భూస్వామ్యం అతని జ్ఞానాన్ని వెట్టి కింద వాడుకుంది. ఆధునిక రాజ్యం ఆ జ్ఞానం తనకు అక్కరలేదంది. గ్రామ సేవకులందరినీ కలిపి వి.ఆర్.ఏ.లన్నారు. 2023లో ఆ వ్యవస్థనే తీసేసి, మనుషుల్ని వేరే శాఖల్లో సర్దారు. ఉద్యోగం పర్మనెంటు కావటం న్యాయమే, దాని కోసం వాళ్ళు ఎన్నో ఏళ్ళు కొట్లాడారు. అయితే ఆ మనిషి కట్ట దిగిపోయేముందు అతని దగ్గర కూర్చుని ఒక్క గీత గీసుకున్న అధికారి ఉన్నాడా?

2019 డిసెంబర్ 31న వనపర్తి జిల్లాలో సరళాసాగర్ కట్ట తెగింది. 1959లో మొదలైన, ఆటోమేటిక్ సైఫన్లతో దేశమంతా పేరుపడ్డ ప్రాజెక్టు అది. వానాకాలం ముగిసిన తర్వాత, తుఫాను లేని రోజున తెగింది. వాన పటం చూసి ఆ రోజు ప్రమాదాన్ని ఎవరూ చెప్పలేరు. కట్ట మీద నడిచేవాడు చెప్పగలడు, నడిచే పని అతనికుంటే.

పటం మీదికి ఎక్కితే చాలా అన్న ప్రశ్న కూడా ఉంది. జూరాల కింద కృష్ణ నడుమ గుర్రంగడ్డ అనే ఊరుంది. చుట్టూ నీళ్ళు, ప్రతి పటంలోనూ కనపడుతుంది, దాని గురించి ఎవరికీ అనుమానం లేదు. నదికి పెద్ద నీళ్ళొచ్చిన ప్రతిసారీ రాకపోకలు తెగిపోతాయని గద్వాలలో చిన్న పిల్లలకు కూడా తెలుసు. అయినా తరాల పాటు పుట్టి మీదే దాటారు. వంతెన పని మొదలవటానికే స్వరాజ్యం వచ్చి డెబ్భై ఏళ్ళు పట్టింది. కాబట్టి వాడను పటం మీద పెడితే తెల్లారేసరికి న్యాయం జరుగుతుందని నేను అనుకోవటం లేదు.

పైగా అందులో ఇంకో ప్రమాదం ఉంది. అమెరికాలో 1930లలో హెచ్.ఓ.ఎల్.సి. అనే ప్రభుత్వ సంస్థ నగరాల పటాలు గీసి, ఇళ్ళ మీద అప్పు ఇవ్వటం ఎక్కడ క్షేమమో రంగులు వేసింది. నల్లవాళ్ళుండే పేటలకు పడ్డది ఎరుపు. ఆ ఎరుపు తరగతి పేరు ‘ప్రమాదకరం’. మనుషులకు ప్రమాదం అని కాదు, ఆ మనుషులే పెట్టుబడికి ప్రమాదం అని అర్థం. వాడలన్నిటినీ ముంపు ప్రాంతమని ఎర్రగా గీస్తే, రేపు ఆ కాగితం చూపించే ‘మీకు ఇక్కడ జాగ లేదు’ అని ఖాళీ చేయించరన్న హామీ ఏది? అయితే అదే అమెరికాలో, 1899లో అచ్చయిన పుస్తకంలో డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్ ఫిలడెల్ఫియా ఏడో వార్డులో నల్లవాళ్ళ ఇళ్ళను గడప గడపకూ తిరిగి పటం మీద పెట్టాడు. రెండూ నల్లవాళ్ళ పేటల పటాలే. ఒకదాన్ని అప్పిచ్చేవాడు గీశాడు, ఇంకోదాన్ని ఆ జనంలోంచి వచ్చిన మనిషి గీశాడు.

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టాన్ని కూడా ఇట్లాగే పక్కపక్కన పెట్టి చదవాలె. 31వ సెక్షన్ ప్రకారం జిల్లా ప్రణాళికలో వైపరీత్యాలకు లోనయ్యే ‘ప్రాంతాలు’ చూపించాలె. 61వ సెక్షన్ ప్రకారం సహాయంలో, నష్టపరిహారంలో కులం, మతం, లింగం చూసి వివక్ష చూపకూడదు. అంటే గంజికేంద్రం దగ్గర వరుసలో నిలబడ్డప్పుడు కులం ఉందని చట్టానికి తెలుసు. వరద రాకముందు, పటం గీసేటప్పుడు మాత్రం కులం తెలియదు, అప్పుడు ప్రాంతాలే. కులం ఒక ప్రాంతమని, ఈ దేశంలో అన్నిటికంటే పక్కాగా హద్దులు గీసిన ప్రాంతం అదేనని చట్టం రాసినవాళ్ళకు తట్టలేదు.

కావలసిన సామాను లేక ఆగిన పని కాదిది. జనగణన దగ్గర గోడల లెక్క ఉంది. 2024 నవంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం ఇంటింటికీ తిరిగి చేసిన సర్వేలో కులం లెక్క ఉంది. సర్వే నంబర్లతో గీసిన ఊరి నక్షా తహశీల్ ఆఫీసులో ఉంది. కట్ట ఎక్కడ కారుతుందో తెలిసిన ముసలి నీరటి ఇంకా కొన్ని ఊళ్ళల్లో బతికే ఉన్నాడు. ఈ నాలుగూ ఒక కాగితం మీద ఎప్పుడూ కలవలేదు. కలపటానికి ఉపగ్రహం అక్కరలేదు. నక్షా జిరాక్సు, నీళ్ళ మట్టం చూసే పైపు, మూడు రోజుల సమయం చాలు. మొదటి రోజు వాడలో మట్టిగోడలు లెక్కబెట్టాలె, ఏ ఇంటికి చెమ్మ ఎంత ఎత్తు ఎక్కుతుందో అడిగి రాసుకోవాలె. ఆ గుర్తు గోడ మీదే ఉంటుంది, సున్నం కింద కూడా కనిపిస్తుంది. రెండో రోజు నీరటితో కట్ట మీద నడవాలె. మూడో రోజు గీసిందాన్ని వాడలో పరిచి చూపించాలె, వాళ్ళు చెరపమన్నది చెరపాలె. అసలు కాగితం వాడలో ఉండాలె. ఆఫీసుకు పోయేది నకలు.

రాజోలిలో, అలంపురంలో 2009 నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో చెప్పగలిగినవాళ్ళు ఇంకా ఉన్నారు. అప్పుడు పదేళ్ళ పిల్లలకు ఇప్పుడు పాతికేళ్ళు దాటాయి. వాళ్ళల్లో కొందరు డిగ్రీ చదివారు, చాలామంది హైదరాబాద్‌లో కూలికి ఉన్నారు. పండక్కి ఊరికొచ్చినప్పుడు పని మొదలుపెట్టొచ్చు.